ఓడ కోసం పుట్టి, నేల మీద పేలిన ఫిరంగులు

1918 మార్చి 23, శనివారం. పొద్దున ఏడుంబావు వేళ పారిస్‌లో ఒక వీధిలో ఏదో పెద్ద చప్పుడుతో పేలింది. ఆకాశంలో విమానం జాడ లేదు. కాసేపటికి మరొకటి పేలింది, ఆ తర్వాత ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లతో పోరు జరుగుతున్న చోటు చూస్తే దాదాపు నూరు కిలోమీటర్ల ఆవల ఉంది. అంత దూరం నుంచి కొట్టే ఫిరంగి లోకంలో లేదని అందరికీ నమ్మకం. అందుకే కంటికి ఆననంత ఎత్తున విమానమేదో ఎగురుతూ బాంబులు జారవిడుస్తోందని మొదట అనుకున్నారు. వీధుల్లో ఏరిన ఇనప ముక్కల మీద ఫిరంగి గొట్టం లోపలి గాడుల ఆనవాళ్ళు కనిపించాక గానీ అవి ఫిరంగి గుండ్లని తేలలేదు.

పారిస్ జనం ఆ ఫిరంగిని ‘లావు బెర్తా’ అని పిలిచారు. అసలు లావు బెర్తా వేరు. అది పొట్టిది. దాని గుండు తొమ్మిది పది కిలోమీటర్లకు మించి పోదు. నాలుగేళ్ళ కిందట, 1914లో, బెల్జియం కోటలను కూల్చింది అదే. పారిస్‌ను కొట్టింది సన్నగా, తాటిచెట్టు కంటే పొడుగ్గా ఉన్న మరో జర్మన్ ఫిరంగి. ఈ రెంటినీ కలిపేయడం ఆనాటి పారిస్‌తో ఆగలేదు. ఇవాళ్టికీ ఒకదాని బొమ్మ కింద మరోదాని పేరు కనబడుతూనే ఉంటుంది.

చిక్కు ఇంకో మెలిక తిరిగింది. లావు బెర్తా ఏనాడూ ఓడ ఎక్కలేదు, సముద్రం మొహం చూడలేదు. అయినా కాగితాల మీద దానికి రాసుకున్న పేరు ‘పొట్టి నౌకా ఫిరంగి’. శత్రువును ఏమార్చడానికి పెట్టిన దొంగపేరది. పారిస్ ఫిరంగి సంగతి దీనికి తలకిందులు. దాని గొట్టం నిజంగానే యుద్ధనౌక కోసం చేసినది, దాన్ని పేల్చినవాళ్ళూ నౌకాదళం వాళ్ళే, ఆ ఫిరంగి జట్టుకు పెద్ద వైస్ అడ్మిరల్ రోగె. కానీ జనం నోట దానికి దక్కింది సైన్యపు ఫిరంగి పేరు.

ఈ ముడి విప్పడానికి నాకు బాగా పనికొచ్చిన ఆలోచన ఒకటుంది. పెద్ద ఫిరంగి అంటే ఒక వస్తువు కాదు, రెండు వస్తువులు. ఒకటి గొట్టం. రెండోది ఆ గొట్టాన్ని కూర్చోబెట్టే పీఠం. గొట్టం చేయడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. పీఠం మార్చుకోవచ్చు. ఓడ బురుజులో, అంటే ఓడ మీద ఫిరంగులను మోస్తూ తిరిగే ఉక్కు గదిలో, కూర్చోవలసిన గొట్టాన్ని కాంక్రీటు గుంతలోనూ కూర్చోబెట్టవచ్చు, రైలు బండి మీదా ఎక్కించవచ్చు. పేరు మాత్రం ఒకచోట గొట్టానిది, మరోచోట పీఠానిది, ఇంకోచోట రెండూ కలిపిన మొత్తానిది. చదివేవాళ్ళు తికమకపడేది అక్కడే. కాబట్టి ఏ జర్మన్ ఫిరంగి పేరు విన్నా మూడు సంగతులు అడగాలి: గొట్టాన్ని దేనికోసం చేశారు? ఇప్పుడు దేని మీద కూర్చుంది? దాని గుండు ఏ దారిన పోతుంది?

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు తేడా అక్కడే. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో రాయి విసిరేవాడు పిట్ట మీదికి నేరుగా, వడిగా విసురుతాడు. గోడ అవతల ఉన్నదాని మీద పడాలంటే అదే మనిషి రాయిని పైకి ఎగరేస్తాడు, అది నిట్టనిలువుగా దిగుతుంది. ఓడ ఫిరంగి మొదటి రకం. గొట్టం పొడుగు, గుండు వేగం ఎక్కువ, దారి చదును. హోవిట్జర్లు, మోర్టార్లు రెండో రకం. గొట్టం పొట్టి, వేగం తక్కువ, గుండు కోట నడినెత్తిన దిగుతుంది. లావు బెర్తా 42 సెంటీమీటర్ల హోవిట్జర్. పారిస్ ఫిరంగి 21 సెంటీమీటర్లది. పేరుకు ‘లావు’ అన్నారు గానీ లోపలి వెడల్పులో అది బెర్తాలో సరిగ్గా సగం.

పేరులోనే కొలతలు

జర్మన్లు తమ ఫిరంగులకు పెట్టిన పేర్లు చూడగానే గణితం లెక్కలా భయపెడతాయి. ఒకసారి విప్పుకుంటే ఇక వేరే పుస్తకం అక్కర్లేదు. ‘38 సెం.మీ. ఎస్‌కే ఎల్/45’ అన్న పేరు తీసుకుందాం. 38 సెంటీమీటర్లు గొట్టం లోపలి వెడల్పు. ‘ఎస్‌కే’ అంటే త్వరగా నింపగలిగే ఫిరంగి అని అర్థమిచ్చే జర్మన్ మాటకు పొట్టి రూపం, నౌకాదళం తన ఫిరంగులకు వాడుకున్న గుర్తు. ‘ఎల్/45’ అంటే గొట్టం పొడవు దాని వెడల్పుకు 45 రెట్లు. 38ని 45తో గుణిస్తే 1,710 సెంటీమీటర్లు, అంటే 17 మీటర్ల పైచిలుకు. 1930ల నాటి పేర్లలో ‘సి/34’ లాంటిది కనబడితే అది నమూనా గీసిన సంవత్సరం, 1934.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. జర్మన్లు పేరులో పెట్టే వెడల్పు గుండుగుత్తగా ఉంటుంది. ‘28 సెం.మీ.’ అన్న నౌకా ఫిరంగుల అసలు వెడల్పు 283 మిల్లీమీటర్లు. రెండోది, పొడవు కొలిచే పద్ధతి. బ్రిటిష్ వాళ్ళు గుండు ప్రయాణించే లోపలి భాగాన్నే కొలుస్తారు. జర్మన్లు వెనక మూతతో సహా మొత్తం గొట్టాన్ని కొలుస్తారు. అందుకే బిస్మార్క్ ఓడ ఫిరంగిని జర్మన్ లెక్కలో 52 అంటే, లోపలి లెక్కలో అది 48 చిల్లరే అవుతుంది. ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి ‘జర్మన్ ఫిరంగి పొడవెక్కువ’ అని తేల్చేసే వ్యాసాలు చాలా చూశాను. ముందు కొలబద్ద ఒకటి కావాలి, పోలిక ఆ తర్వాత.

వెడల్పు ఒకటే అయినంత మాత్రాన ఫిరంగి ఒకటే కాదు. మొదటి యుద్ధంలో బయెర్న్ ఓడకూ, రెండో యుద్ధంలో బిస్మార్క్ ఓడకూ ఎనిమిదేసి 38 సెంటీమీటర్ల ఫిరంగులున్నాయి. మొదటిది 750 కిలోల గుండు వేసే 45 రెట్ల గొట్టం, రెండోది 800 కిలోల గుండు వేసే 52 రెట్ల గొట్టం. చాలామందికి తెలిసిన 8.8 సెంటీమీటర్ల ఫిరంగిదీ అదే కథ. విమానాలను, ట్యాంకులను కొట్టి పేరు తెచ్చుకున్న 8.8 వేరు. జలాంతర్గామి మీద బిగించిన 8.8 నౌకాదళం వేరుగా చేయించుకున్నది. ఒకదాని తూటా మరోదానిలో పనికిరాదు.

చెన్నపట్నం చూసిన ఫిరంగి

జర్మన్ నౌకా ఫిరంగి తెలుగువాళ్ళ అనుభవంలోకీ ఒకసారి వచ్చింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి, తొమ్మిదిన్నర ప్రాంతంలో, ఎమ్డెన్ అనే తేలికపాటి క్రూయిజర్ మద్రాసు తీరానికి మూడు కిలోమీటర్ల దాకా వచ్చి సెర్చ్‌లైటు వేసింది. దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. అప్పటికి కోస్తా జిల్లాలన్నిటికీ, రాయలసీమకూ రాజధాని మద్రాసే. యుద్ధం యూరప్‌లో కదా అన్న ధీమాతో ఊళ్ళో దీపాలు కూడా ఆర్పలేదు. ఎమ్డెన్ కొద్ది నిమిషాల్లో 125 గుండ్ల దాకా వేసి చీకట్లో కలిసిపోయింది. బర్మా ఆయిల్ కంపెనీ నూనె ట్యాంకులు రెండు తగలబడ్డాయి. ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత రోజుల్లో జనం మూటాముల్లె కట్టుకుని ఊరు విడిచి పోయారు.

ఇంత హడావిడి చేసిన ఫిరంగి ఎంతది? 10.5 సెంటీమీటర్ల ఎస్‌కే ఎల్/40. అంటే గొట్టం పొడవు 4 మీటర్ల 20 సెంటీమీటర్లు. గుండు బరువు 17 కిలోలు, ఒక మనిషి చేతులతో ఎత్తగలిగినంత. ఎమ్డెన్ మీద ఇవి పది ఉండేవి. పెద్ద యుద్ధనౌకల లెక్కలో ఇవి పిల్ల ఫిరంగులు. అయితే చేత్తో నింపేవి కాబట్టి వరసగా పేల్చవచ్చు. ఎదుట నూనె ట్యాంకు లాంటి గురి దొరికితే, అదీ మూడు కిలోమీటర్ల దూరంలో, వాటికి కావలసింది ఇంకేముంది!

అవే ఫిరంగులు ఏడు వారాలకు చాలకపోయాయి. నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ ఎదురైంది. దాని ఫిరంగులు 15.2 సెంటీమీటర్లవి, గుండు 45 కిలోలు. ఎమ్డెన్ గన్నర్లు మొదటి దెబ్బలు చక్కగానే కొట్టారు. తర్వాత సిడ్నీ దూరం పెంచుకుని తన పెద్ద గుండ్లతో కొట్టడం మొదలుపెట్టింది. ముల్లర్ తన ఓడను దీవి ఒడ్డుకు ఎక్కించేశాడు. అప్పటికి 130 మందికి పైగా జర్మన్ నావికులు పోయారు. సముద్రం మీద ఫిరంగి వెడల్పులో ఐదు సెంటీమీటర్ల తేడా ఎంత తేడానో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వెనక మూత కథ

ఫిరంగుల గురించి రాసేవాళ్ళు వెడల్పు, పొడవు, దూరం రాస్తారు. గొట్టం వెనక ఏముందో చూడరు. నా మటుకు జర్మన్ నౌకా ఫిరంగిలో చూడవలసిన చోటు అదే.

గుండు, దాని వెనక మందు పెట్టాక గొట్టం వెనక భాగం మూయాలి. మందు అంటుకోగానే పుట్టే వాయువు ఏ చిన్న సందు దొరికినా వెనక్కి తన్నుకొస్తుంది. బ్రిటిష్ ఫిరంగులకు మర తిప్పి బిగించే మూత ఉండేది. జర్మన్ ఫిరంగులు చేసే క్రుప్ కార్ఖానా పద్ధతి వేరు. తలుపు గడియలా పక్కనుంచి జరిగి అడ్డుపడే ఉక్కు దిమ్మ అది. గట్టిది, త్వరగా జరుగుతుంది, కానీ వాయువును తనంతట తాను ఆపలేదు. ఆ పని ఇత్తడి తొడుగు చేస్తుంది. మందును ఇత్తడి డబ్బాలో పెడతారు. పేలగానే ఆ డబ్బా గోడలు ఉబ్బి గొట్టానికి అతుక్కుని సందు మూసేస్తాయి. ప్రెషర్ కుక్కర్ మూతకు రబ్బరు రింగు ఎలాగో, ఈ ఉక్కు దిమ్మకు ఇత్తడి డబ్బా అలాగ. కాబట్టి ముప్ఫై సెంటీమీటర్ల ఫిరంగికైనా జర్మన్లు మందులో ముఖ్యభాగాన్ని ఇత్తడిలోనే పెట్టవలసి వచ్చింది. మిగతా భాగం పట్టుసంచిలో ముందు పోతుంది. బ్రిటిష్ వాళ్ళకు ఇత్తడి అక్కర్లేదు, మందంతా పట్టుసంచుల్లోనే.

మూత కోసం వాడిన ఇత్తడి, ఓడ ప్రాణం కాపాడేదిగా మారింది. 1915 జనవరి 24న డాగర్ బ్యాంక్ పోరులో జర్మన్ యుద్ధ క్రూయిజర్ జైడ్లిట్స్ వెనక బురుజుకు ఒక బ్రిటిష్ గుండు తగిలింది. లోపల మందు అంటుకుంది. తప్పించుకోవాలని కొందరు పక్క బురుజుకు పోయే తలుపు తీశారు, మంట అటూ పాకింది. రెండు బురుజులూ లోపల్లోపలే కాలిపోయాయి. 159 మంది ఆహుతయ్యారు. విల్‌హెల్మ్ హైడ్‌కాంప్ అనే పెట్టీ ఆఫీసరు ఎర్రగా కాలిన కవాటాలను చేతులతో తిప్పి మందు గదుల్లోకి నీళ్ళు వదిలాడు. చేతులు కాలిపోయాయి, ఓడ మిగిలింది. టన్నుల కొద్దీ మందు అక్కడ మండింది గానీ ఒక్కపెట్టున పేలలేదు. మండడానికీ పేలడానికీ ఉన్న ఆ తేడాయే ఓడను నిలబెట్టింది.

జర్మన్లు ఆ పాఠం నేర్చుకుని, బురుజుల్లో ఒకేసారి పైన పోగేసే మందును తగ్గించారు. బ్రిటిష్ ఓడలకు ఆ అనుభవం కలగలేదు. 1916 మే 31న జట్లాండ్ దగ్గర ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్ అనే మూడు బ్రిటిష్ యుద్ధ క్రూయిజర్లు మందు గదులు పేలి మునిగిపోయాయి. మూడింటిలో కలిపి మూడు వేల మందికి పైగా చనిపోయారు. జర్మన్ ఫిరంగులు 28, 30.5 సెంటీమీటర్లవే, బ్రిటిష్ వాటిలో చాలావాటి కంటే చిన్నవి. అదే రోజు జైడ్లిట్స్‌కు ఇరవైకి పైగా పెద్ద గుండ్లు తగిలాయి. ముక్కు నీళ్ళలో ముంచుకుని, ఎలాగో ఇల్లు చేరింది.

ఇత్తడి ఒక్కటే కారణమంటే పొరపాటవుతుంది. బ్రిటిష్ వాళ్ళ కార్డైట్ మందు స్వభావం మరింత చురుకైనది. వేగంగా పేల్చాలన్న ఆత్రంతో సంచులను బురుజులో గుట్టలుగా పెట్టుకుని, మంటను అడ్డుకునే తలుపులు తెరిచి ఉంచేవారు. అవన్నీ కలిసి వచ్చాయి. అయినా ‘జర్మన్ ఫిరంగి గొప్పది’ అన్న మాట వెనక నిజం వెతికితే, అది గొట్టం ముందుభాగంలో కంటే వెనక ఉన్న ఇత్తడి డబ్బాలోనే ఎక్కువ దొరుకుతుందని నా అభిప్రాయం.

నేలకు దిగడం

సరే, ఓడ గొట్టాలు నేల మీదికి ఎందుకొచ్చాయి? మొదటి యుద్ధంలో జర్మన్ నౌకాదళం ఎక్కువ కాలం రేవుల్లోనే గడిపింది. బయెర్న్ తరగతి ఓడలు నాలుగు మొదలుపెడితే పూర్తయినవి రెండే. కానీ గొట్టాలు ఓడల కంటే ముందే తయారై కూర్చున్నాయి. అటు సైన్యం పక్షాన కోటలు కూల్చే పొట్టి హోవిట్జర్లున్నాయి గానీ, ముప్ఫై నలభై కిలోమీటర్ల అవతల రైల్వే స్టేషన్ను, రేవును కొట్టగల పొడుగు గొట్టం లేదు. నౌకాదళానికీ సైన్యానికీ ఫిరంగులు పోసేది ఎస్సెన్‌లోని ఒకే క్రుప్ కార్ఖానా. ఇంకేం, గొట్టాలు రైలెక్కాయి.

1916 ఫిబ్రవరి 21న ఫ్రాన్సులో వెర్డన్ దాడిని మొదలుపెట్టినది ఇలాంటి 38 సెంటీమీటర్ల నౌకా ఫిరంగే. బెల్జియంలో కూకెలార దగ్గర కాంక్రీటు గుంతలో కూర్చోబెట్టిన ‘పొడుగు మాక్స్’ 1917 జూన్ నుంచి 40 కిలోమీటర్లకు పైగా దూరంలోని డంకర్క్‌ను కొట్టింది. ఆ గుంత ఇప్పటికీ ఉంది, పక్కనే మ్యూజియం.

పారిస్ ఫిరంగి పుట్టింది కూడా ఈ మాక్స్ లోంచే. క్రుప్ ఇంజనీరు ఫ్రిట్స్ రౌజెన్‌బెర్గర్ బృందం 38 సెంటీమీటర్ల నౌకా గొట్టంలోకి 21 సెంటీమీటర్ల పొడుగు గొట్టాన్ని దూర్చింది, చివర గాడులు లేని నున్నటి ముక్క ఒకటి తగిలించింది. మొత్తం 34 మీటర్లు. అంత పొడుగు ఉక్కు తన బరువుకు తానే వంగిపోతుంది. దాన్ని వంతెనను పట్టి ఉంచినట్టు పైనుంచి కట్టి నిలబెట్టారు. దీన్ని లాన్ పట్టణం దగ్గరి అడవిలో దాచి, పారిస్ వైపు గురిపెట్టారు. దూరం 120 కిలోమీటర్లు.

దాని రహస్యం బలం ఒక్కటే కాదు, దారి. గొట్టాన్ని యాభై డిగ్రీలకు పైగా ఎత్తి పేలిస్తే నూరు కిలోలకు కాస్త మించిన గుండు సెకనుకు 1,600 మీటర్ల వేగంతో బయల్దేరి, 40 కిలోమీటర్ల ఎత్తుకు చేరేది. అక్కడ గాలి దాదాపు లేదు, కాబట్టి అడ్డుకునేదీ లేదు. ప్రయాణం మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో గుండు కింద భూమి తిరుగుతూనే ఉంటుంది, గురిపెట్టేవాళ్ళు దాన్నీ లెక్క వేయాల్సి వచ్చింది.

గొట్టం దీనికి చెల్లించిన మూల్యం ఘోరమైనది. ఒక్కో దెబ్బకు లోపలి ఉక్కు అరిగి, వెడల్పు పెరుగుతుంది. అందుకే గుండ్లకు వరస అంకెలు వేశారు. ప్రతి గుండూ ముందుదాని కంటే వెంట్రుకవాసి లావు, వాటిని ఆ వరసలోనే పేల్చాలి. 65 గుండ్లు దాటితే గొట్టం క్రుప్‌కు తిరిగి పోవాలి, లోపల తొలిచి వెడల్పు చేసుకుని రావాలి. ఫిరంగి గొట్టం శాశ్వతమైన వస్తువని మనం అనుకుంటాం. నిజానికి అది కొవ్వొత్తి లాంటిది, వెలిగినంతసేపూ తరుగుతుంది.

ఇంత శాస్త్రం దేనికి పనికొచ్చింది? నూట ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి ఆ ఫిరంగి ఒక వంతెననో, ఒక కార్ఖానానో కొట్టలేదు. ఊరంత పెద్ద గురి కావాలి, అందుకే గురి ఊరైంది. మార్చి 29, గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, సెయింట్ జెర్వే చర్చిలో జనం ప్రార్థనలో ఉండగా గుండు కప్పు మీద పడింది. రాతి కప్పు విరిగి వాళ్ళ మీద కూలింది. తొంభై మంది దాకా చనిపోయారు. ఆగస్టు దాకా సాగిన ఆ కాల్పుల్లో పారిస్ వాసులు మొత్తం 250 మంది పోయారు. ఆ గుండ్ల వల్ల ఫ్రెంచి సైన్యం ఒక్క అడుగు వెనక్కి తగ్గలేదు. ఈ ఫిరంగిని ఇంజనీరింగ్ అద్భుతమని పొగిడేవాళ్ళను చూస్తే, ఆ చర్చి కప్పు కూడా అదే వాక్యంలో ఉండాలని చెప్పాలనిపిస్తుంది. యుద్ధం ముగిశాక మిత్రదేశాలకు ఆ ఫిరంగి ఒక్కటీ దొరకలేదు. పీఠాలు కూర్చున్న చోట్లే మిగిలాయి.

మరి అసలు బెర్తా? దాని కథ చిన్నది, ముగింపు భయంకరమైనది. బెల్జియంలో లియేజ్ చుట్టూ ఉన్న పన్నెండు కోటలను 1880ల చివర 21 సెంటీమీటర్ల గుండ్లను తట్టుకునేలా కట్టారు. కాంక్రీటును ఇనప ఊచలు లేకుండా పొరలు పొరలుగా పోశారు. 1914 ఆగస్టు 12న రెండు బెర్తాలు వచ్చాయి. గుండు బరువు 800 కిలోలు, దిగేది నడినెత్తిన. ఆగస్టు 15న లోన్సాన్ కోట మందు గదిలోకి ఒక గుండు దూరింది. కోట పేలి దాదాపు 350 మంది సైనికులు అక్కడే సమాధి అయ్యారు. సేనాపతి లెమాన్ స్పృహ తప్పి జర్మన్లకు చిక్కాడు. ఆ గెలుపుతో బెర్తాను తిరుగులేని ఆయుధమన్నారు. కానీ వెర్డన్ దగ్గర ఊచలు కట్టిన కాంక్రీటు మీద అదే గుండు అనుకున్న పని చేయలేకపోయింది. లియేజ్‌లో గెలిచినది ఫిరంగి ఎంతో, ఓడినది పాతికేళ్ళ నాటి కాంక్రీటూ అంతే.

మళ్ళీ అదే దారి

మొదటి యుద్ధం తర్వాత కుదిరిన వెర్సాయ్ ఒప్పందం జర్మనీ చేత భారీ ఫిరంగులు వదిలించింది. పాతికేళ్ళు తిరక్కుండానే కథ మళ్ళీ మొదలైంది, ఈసారీ ఓడలు లేని గొట్టాలతోనే. బిస్మార్క్ కంటే పెద్దవిగా అనుకున్న హెచ్ తరగతి ఓడల కోసం 40.6 సెంటీమీటర్ల గొట్టాలు పోశారు. ఆ ఓడలు పూర్తి కాలేదు. గొట్టాల్లో మూడు ఫ్రాన్సు తీరాన సాంగాట్ దగ్గర కాంక్రీటు కోటలోకి పోయాయి. ఆ కోటకు పెట్టిన పేరు లిండెమాన్, బిస్మార్క్‌తో పాటు 1941లో మునిగిపోయిన ఆ ఓడ కెప్టెన్ పేరు. అదే తీరాన టోట్ కోటలో నాలుగు 38 సెంటీమీటర్ల గొట్టాలు, బిస్మార్క్ నమూనావే.

పీఠం ఎంత ముఖ్యమో ఇక్కడ బాగా తెలుస్తుంది. బిస్మార్క్ బురుజులో ఈ 38 సెంటీమీటర్ల గొట్టాన్ని 30 డిగ్రీలే ఎత్తగలరు, గుండు 36 కిలోమీటర్లు పోతుంది. నేల మీద దాన్ని ఇంకా పైకి ఎత్తవచ్చు. అదే గుండు 42 కిలోమీటర్లకు చేరింది, తేలిక గుండైతే 55 కిలోమీటర్లు. గొట్టం మారలేదు, కూర్చున్న చోటు మారింది. ఇంగ్లీష్ ఛానల్ అవతల ఉన్న డోవర్ మీద నాలుగేళ్ళు గుండ్లు పడుతూనే ఉన్నాయి. కానీ 1944 జూన్‌లో మిత్రసేనలు దిగింది నార్మండీలో, ఈ ఫిరంగులకు అందనంత దూరాన. సెప్టెంబరులో కెనడా సైనికులు వెనకనుంచి, నేల మీంచి వచ్చి ఈ కోటలను పట్టుకున్నారు.

నార్వేలో ట్రొండెనెస్ దగ్గర 40.6 సెంటీమీటర్ల ఫిరంగులు నాలుగు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. చూడ్డానికి జనం వెళ్తారు. ఆ కోట కట్టింది సోవియట్ యుద్ధఖైదీలు. చలికి, ఆకలికి వందల మంది అక్కడే పోయారు. క్రుప్ కార్ఖానా కూడా రెండో యుద్ధంలో బలవంతపు కూలీలతో నడిచింది. ఆ నేరానికి 1948లో దాని యజమాని ఆల్‌ఫ్రీడ్ క్రుప్‌కు పన్నెండేళ్ళ శిక్ష పడింది, మూడేళ్ళకు విడిచిపెట్టారు. గొట్టం వెడల్పు రాసిన ప్రతిచోటా దాన్ని పోసిన చేతుల సంగతీ రాయాలి.

నార్వేలోనే ఆస్ట్రాట్ దగ్గర మరో వింత ఉంది. గ్నైసెనౌ అనే యుద్ధనౌక 1942లో కీల్ రేవులో బాంబు దెబ్బ తిన్నాక, దాని మూడు గొట్టాల బురుజును యథాతథంగా తెచ్చి కొండలో దించారు. ఇక్కడ గొట్టంతో పాటు పీఠం కూడా నేలకు దిగింది.

డోరా, కార్ల్ అనే పేర్లు కూడా ఈ వరసలో వినబడతాయి. అవి నౌకా ఫిరంగులు కావు. 80 సెంటీమీటర్ల డోరాను ఫ్రాన్సు మాజినో కోటల కోసం తలపెట్టారు. అది సిద్ధమయ్యేసరికి ఫ్రాన్సు పడిపోయింది. 1,350 టన్నుల ఆ యంత్రం నిలబడాలంటే పక్కపక్కన రెండు రైలు పట్టాలు కావాలి. 1942 జూన్‌లో సెవస్తోపోల్ మీద 48 గుండ్లు వేసింది, అంతే దాని యుద్ధం. వేల మంది మనుషులు, వారాల పని, 48 గుండ్లు. 60 సెంటీమీటర్ల మోర్టార్ కార్ల్ ట్యాంకులా తనంతట కదిలేది. 1944లో వార్సా తిరుగుబాటును అణచడానికి దాన్ని ఇళ్ళ మీద వాడారు. ఇటలీలో ఆంజియో దగ్గర సైనికులు ‘ఆనీ’ అని పిలిచినదీ నౌకా గొట్టం కాదు. మొదటినుంచీ రైలు కోసమే చేసిన 28 సెంటీమీటర్ల కే5 అది. పైగా అక్కడ ఒక ఆనీ లేదు, రెండు ఫిరంగులున్నాయి. పారిస్‌లో బెర్తాకు జరిగిందే ఆంజియోలోనూ జరిగింది. గుండు పడేచోట ఉన్నవాళ్ళు ఫిరంగిని చూడరు. వినబడిన చప్పుడుకే పేరు పెడతారు.

ఆ మూడు ప్రశ్నలను ఒకసారి వాడి చూద్దాం. ఆస్ట్రేలియాలో కాన్‌బెరా యుద్ధ స్మారకం దగ్గర 28 సెంటీమీటర్ల పెద్ద గొట్టం ఒకటుంది. దేనికోసం చేశారు? పాతకాలపు జర్మన్ యుద్ధనౌక కోసం. దేని మీద కూర్చుంది? రైలు బండి మీద. ఫ్రాన్సులో ఆమియాన్ ఊరిని కొడుతుండగా 1918 ఆగస్టు 8న చిక్కింది. గుండు దారి? రైలు మీద గొట్టాన్ని ఓడ మీద కంటే ఎక్కువ ఎత్తారు, కాబట్టి పుట్టినప్పటి కంటే దూరం. ఆ తర్వాత రైలు బండిని తుక్కు చేశారు, గొట్టం ఒక్కటే మిగిలింది. సిడ్నీలో హైడ్ పార్క్ మూల మీద ఎమ్డెన్ ఫిరంగి ఒకటి ఉంది. దానికి మూడు ప్రశ్నలూ అక్కర్లేదు. అది ఓడ కోసం పుట్టి, ఓడ మీదే కూర్చుని, ఓడతోనే ఒడ్డెక్కింది. గొట్టం పొడవు 4 మీటర్ల 20.